ఇంట్లో చెప్పమన్న పాఠం

మొన్న ముసురు పట్టిన రోజున బట్టలుతికే మిషను మూత తియ్యబోయి చటుక్కున చెయ్యి వెనక్కి లాక్కున్నాను. వేళ్ళ చివర్ల నుంచి జివ్వుమని ఏదో మోచేతి దాకా పాకి ఆగింది. నేల తడి, చేతులు తడి. చెయ్యి తుడుచుకుని, పొడి నేల మీదకొచ్చి, మెయిను కట్టేసి కుర్చీలో కూర్చున్నాను. పెద్ద దెబ్బేమీ కాదు. ఎర్తు తీగ ఎక్కడో వదులై ఉంటుంది. ఇన్నేళ్ళుగా కరెంటు శాఖలో పనిచేస్తున్నదాన్ని, ఆ మాత్రం తెలుసు. అయినా గుండె దడ తగ్గేదాకా కళ్ళు మూసుకుని ఉంటే, ఒక నెమ్మదైన గొంతు పక్కనే నిలబడి అడిగినట్టు వినిపించింది. "చెప్పులేవమ్మా?" అది మా వరలక్ష్మి టీచరుగారి గొంతు. ఆవిడ పోయి చాలాకాలమైంది. ఈ రాత చదివేవాళ్ళలో ఆవిడను చూసినవాళ్ళు ఉండకపోవచ్చు. అందుకే మొదటి నుంచి చెబుతాను.

తొంభైల మొదట్లో, కోనసీమలో ముక్తేశ్వరానికి దగ్గరలోని మా ఊరి హైస్కూల్లో నేను తొమ్మిదో తరగతి చదువుతుండగా, ఆవిడ రాజోలు వైపు నుంచి బదిలీ మీద వచ్చారు. భౌతిక, రసాయన శాస్త్రాలు చెప్పేవారు. నలభై ఏళ్ళుంటాయేమో. సన్నటి మనిషి, లేతరంగు నేతచీరలు, బొట్టు లేని నుదురు. స్కూలు పక్క వీధిలో ఒక పెంకుటింటి వాటా అద్దెకు తీసుకుని తల్లిగారితో ఉండేవారు. భర్త పోయారని అందరికీ తెలుసు, ఎలా పోయారో ఎవరికీ తెలియదు. అడిగే ధైర్యం మా అమ్మలకు కూడా రాలేదు. ఆవిడ బెత్తం పట్టుకోవడం నేను చూడలేదు. ప్రశ్న వేసి, జవాబు రాకపోతే ఊరికే నిలబడి ఎదురుచూసేవారు. "తెలీదండి" అని తల దించుకుంటే, "పరవాలేదు, ఎక్కడిదాకా తెలుసో అక్కడిదాకా చెప్పు" అనేవారు. ఆ ఎదురుచూపు బెత్తం కంటే కష్టంగా ఉండేది. మనకు నిజంగా ఎక్కడిదాకా తెలుసో మనమే వెతుక్కోవాలి కదా.

పదో తరగతిలో పాఠాలన్నీ వరసగా అయిపోతున్నాయి, విద్యుత్తు పాఠం మాత్రం ముట్టుకోవడం లేదు. కాంతి అయింది, ధ్వని అయింది, అయస్కాంతత్వం కూడా అయిపోయింది. పరీక్షలు దగ్గర పడుతున్నాయని మా క్లాసు లీడరు నాగమణి ఒకరోజు లేచి, "టీచరుగారండీ, కరెంటు పాఠం ఇంకా మొదలెట్టలేదండి" అంది. ఆవిడ డస్టరు తీసుకుని, అప్పటికే శుభ్రంగా ఉన్న నల్లబల్లని ఒకసారి తుడిచారు. "ఆయ్, మొదలెడదాం. రేపు పుస్తకాలు తీసుకురాకండి. లాకుల దగ్గరికెళ్దాం" అన్నారు.

మా ఊరికి ఎగువన కాలవకి నీళ్ళు ఆపి వదిలే లాకులున్నాయి. చిన్నప్పటి నుంచి చూస్తున్నవే కాబట్టి వాటిలో చూడటానికేముందో మాకు అర్థం కాలేదు. ఆ రోజు తలుపులు మూసి ఉన్నాయి. ఎగువన నీళ్ళు గట్టు అంచుదాకా నిండి ఉన్నాయి, దిగువన మెట్లన్నీ బయటపడి బాగా కిందకున్నాయి. ఆవిడ చీర కుచ్చెళ్ళు కొంచెం ఎత్తిపట్టుకుని వంతెన మధ్యలో నిలబడ్డారు.

"పైనీళ్ళకీ కిందనీళ్ళకీ ఉన్న ఆ ఎత్తు తేడా ఉంది చూశారా, వోల్టేజి అంటే అలాంటిదనుకోండి. తలుపు ఎత్తితే నీళ్ళు పారతాయి. ఆ పారడం కరెంటు. దారిలో గుర్రపుడెక్క అడ్డం పడితేనో, తూము ఇరుగ్గా ఉంటేనో పారే నీళ్ళు తగ్గిపోతాయి. ఆ అడ్డాన్ని నిరోధం అంటాం. తేడా పెరిగితే పారేది పెరుగుతుంది. అడ్డం పెరిగితే పారేది తగ్గుతుంది. ఓమ్ నియమం ఇంతే. మిగతాది లెక్కలు." అంతవరకు చెప్పి, మూసిన తలుపుల వైపు చూపించారు. "ఇప్పుడు నీళ్ళు పారుతున్నాయా?"

"లేదండీ" అన్నాం అందరం.

"మరి ఎత్తు తేడా పోయిందా?"

నాకెందుకో చెప్పాలనిపించింది. "పోలేదండి. తలుపులేసేక ఇంకా ఎక్కువే ఉందండి" అన్నాను.

ఆవిడ నా వైపు తిరిగి చూశారు. అంతకుముందు నన్నెవరూ అంత శ్రద్ధగా చూడలేదు. "అదమ్మా సత్యవతీ. పారట్లేదు కాబట్టి లేదనుకోకూడదు. కరెంటు లేకపోవడం వేరు, వోల్టేజి లేకపోవడం వేరు. ఈ పాఠంలో మీరు అన్నీ మర్చిపోయినా ఇది మర్చిపోకండి" అన్నారు. ఆ మాట అన్నప్పుడు గొంతు కొంచెం మారింది. ఎండ వల్ల అనుకున్నాం.

మర్నాడు క్లాసుకి ఒక మీటరు పట్టుకొచ్చారు. రేడియోలు బాగుచేసే షాపులో అడిగి తెచ్చారట. రెండు తీగల కొసలు మా చేతుల్లో పెట్టి, మా ఒంటి నిరోధం ఎంతో ఒక్కొక్కరికీ చూపించారు. పొడి చేతుల్తో ముల్లు ఒకచోట ఆగింది. తర్వాత చేతులు నీళ్ళలో ముంచి పట్టుకోమన్నారు. ముల్లు ఒక్కసారిగా సున్నా వైపుకి వచ్చేసింది. మాకు అదొక ఆటలా ఉంది. ఒకరినొకరు తోసుకుంటూ, నవ్వుకుంటూ, వేళ్ళు నాకి మరీ పట్టుకున్నాం. ఆవిడ మా నవ్వులు సద్దుమణిగేదాకా ఆగారు. "మీ ఇంటికొచ్చే వోల్టేజి ఎప్పుడూ దాదాపు ఒకటేనమ్మా. పొద్దున్నా సాయంత్రమూ ఒకటే. మారేది మీరు. చెయ్యి తడిస్తే మీలో అడ్డం తగ్గిపోతుంది, అదే వోల్టేజికి ఎన్నో రెట్లు కరెంటు మీలోంచి పోతుంది. నిన్న ముట్టుకుంటే ఏమీ కాలేదు కదాని ఇవాళ ముట్టుకోకూడదు" అన్నారు.

తర్వాత కుర్చీలో కూర్చున్నారు. క్లాసులో ఆవిడ కూర్చోవడం అదే మొదటిసారి.

"మావారు వ్యవసాయం చేసేవారు" అని మొదలుపెట్టారు. "కొబ్బరి తోట, మధ్యలో మోటారు షెడ్డు. ఒకరోజు మధ్యాహ్నం వాన వెలిశాక, మొక్కలకి మందు కలపడానికి నీళ్ళు కావాలని మోటారు వేశారు. తిరగలేదు. మోటారుకి మూడు ఫేజులు, అంటే మూడు కరెంటు తీగలొస్తాయి. అందులో ఒకదాని ఫ్యూజు పోయింది. మోటారు తిరగట్లేదు కాబట్టి కరెంటు లేదనుకున్నారు. స్విచ్చి కట్టకుండానే మూత విప్పి, తీగ ఊడిందేమోనని చెయ్యి పెట్టేరు. మిగతా రెండింట్లో వోల్టేజి ఉంది. కాళ్ళకింద నీళ్ళున్నాయి." ఆవిడ మా అందరి మొహాల మీదుగా చూపు తిప్పారు. "ఆయన తెలివితక్కువ మనిషి కాదమ్మా. చదువుకున్నవారు, జాగ్రత్త ఎక్కువ. నిన్న లాకుల దగ్గర మీకు చెప్పిన ఒక్క ముక్క ఆయనకి తెలీదు. నేనేమో ఏళ్ళ తరబడి ఊళ్ళో పిల్లలందరికీ అదే చెప్పేను. ఇంట్లో మాత్రం ఎప్పుడూ చెప్పలేదు. భర్తకి పాఠం చెప్పడమేమిటని ఆ ఆలోచనే రాలేదు నాకు."

కొంతమంది ఆడపిల్లలం ఏడుస్తున్నాం. ఆవిడ మాత్రం ఏడవలేదు. లేచి నిలబడి, మామూలు గొంతుతో ఇంటిపని చెప్పారు. "రాసుకురావక్కర్లేదు. ఇవాళ మీ ఇంట్లో మీ నాన్నగారికి, అమ్మగారికి, అన్నయ్యలకి ఎవరికి వీలైతే వాళ్ళకి ఈ పాఠం చెప్పండి. వాళ్ళేమన్నారో రేపు వచ్చి నాకు చెప్పండి."

మా నాన్న సుబ్బారావు కౌలుకి కొంత పొలం, సొంతానికి చిన్న కొబ్బరి తోట చేసేవాడు. మంచివాడే గానీ మాట పడడు. ఆ సాయంత్రం గేదెకి కుడితి పెడుతుండగా వెనక నిలబడి నేను లాకుల సంగతీ, ఫ్యూజు సంగతీ గుక్కతిప్పుకోకుండా అప్పజెప్పాను. మొదట నవ్వాడు. తర్వాత విసుక్కున్నాడు. "ఏంటే, నాకు చెప్పొచ్చేవా? నువ్వు పుట్టకముందు నుంచి వేస్తన్నాను మోటారు. ఎల్లి చదువుకో." మర్నాడు క్లాసులో చాలామందిది ఇదే కథ. ఒకడికి వాళ్ళ నాన్న మొట్టికాయ వేశాడు. ఆవిడ అన్నీ విన్నారు. "వాళ్ళు ఒప్పుకోవాలని లేదు. చెవిన పడితే చాలు. మళ్ళీ చెప్పండి" అన్నారు. ఆ నెలంతా ఏదో ఒక వంకతో నేను ఇంట్లో ఆ పాఠం చెబుతూనే ఉన్నాను. మా నాన్న వింటున్నట్టు కనిపించలేదు.

తర్వాత కొన్నాళ్ళకి, నేను ఇంటర్మీడియెట్ చదువుతుండగా, పెద్ద తుఫాను వచ్చింది. ఆ గాలికి కోనసీమ కొబ్బరిచెట్లు ఎలా విరిగిపడ్డాయో చూసినవాళ్ళకి చెప్పక్కర్లేదు, చూడనివాళ్ళకి చెప్పలేను. స్తంభాలు నేలకొరిగాయి. తీగలు తోటల్లో, వీధుల్లో, నీళ్ళలో ఎక్కడపడితే అక్కడ చుట్టలు చుట్టుకుని పడ్డాయి. వారాల తరబడి కరెంటు లేదు. మొదట్లో ఆ తీగలు చూసి భయపడినవాళ్ళు పోనుపోను అలవాటు పడిపోయారు. పిల్లలు వాటిని లాగి ఆడుకునేవారు. మా అమ్మ కూడా తెగిపడ్డ తీగనొకదాన్ని రెండు చెట్ల మధ్య కట్టి తడిబట్టలు ఆరేసింది.

టీచరుగారు తమ ఇంటికప్పు ఎగిరిపోయినా, బురదలో ఇల్లిల్లూ తిరిగారు. మా ఇంటికొచ్చిన రోజు నాకు బాగా గుర్తు. మా అమ్మ ఆరేసిన బట్టలు చూసి, "అమ్మా, ఆ తీగ తీసేయించండి" అన్నారు.

"కరెంటు లేదు కదండీ" అంది మా అమ్మ.

"ఇప్పుడు లేదండి. ఇచ్చేముందు ఊరందరికీ చెప్పి ఇస్తారో లేదో మనకి తెలీదు. ఈ తీగ రెండో చివర ఎక్కడుందో కూడా తెలీదు." మా అమ్మ మొహమాటపడి బట్టలు తీసేసింది. టీచరుగారు వెళ్ళాక, అరుగు మీద కూర్చున్న మా నాన్న, "పాపం ఆవిడకి ఆ భయం పట్టుకుపోయింది" అన్నాడు జాలిగా.

కరెంటు ఒక ఉదయం వచ్చింది. వీధిలో బల్బు వెలిగిందని పిల్లలు అరుస్తున్నారు. నేను, మా నాన్న తోటలో విరిగిన మట్టలు ఏరి కుప్పవేస్తున్నాం. గేదె పలుపుతో సహా గట్టు దిగి, పక్కన బోదె కాలవ నీళ్ళలోకి వెళ్ళింది. రెండడుగులు వేసిందో లేదో, కాళ్ళు ముడుచుకుపోయి పక్కకి ఒరిగిపోయింది. గొంతులోంచి అదోరకం చప్పుడొచ్చింది. మా నాన్న చేతిలో మట్ట పారేసి పరిగెత్తాడు. మాకున్న ఒక్క పాడిగేదె అది. తోటంతా పోయాక ఇంట్లో కుండ కాగుతోందంటే దాని పాలవల్లే.

ఆ క్షణంలో నేనేమీ ఆలోచించలేదు. వెనక నుంచి పడి ఆయన నడుం పట్టుకున్నాను. "నాన్నా, నీళ్ళలో దిగకు! కరెంటుంది!" ఆయన నన్ను విదిలించాడు. కిందపడి కాళ్ళు పట్టుకున్నాను. "వదలవే! చచ్చిపోద్ది!" అని అరుస్తూ నన్ను కొంతదూరం ఈడ్చుకుపోయాడు. నేను వదల్లేదు. నీటి అంచుకి రెండు బారల దూరంలో ఇద్దరం గట్టుమీద పడిపోయాం. కళ్ళముందే గేదె కదలిక ఆగిపోయింది. అప్పటికి అరుపులు విని జనం వచ్చారు. లైనుమాన్ వచ్చి ట్రాన్స్‌ఫార్మరు దగ్గర కరెంటు కట్టేశాడు. ఫ్యూజు పోలేదు కాబట్టి లైనులో లోపముందని ఎవరికీ తెలియలేదు. విరిగిన మట్టల కింద, బోదె మలుపులో, కరెంటు ఇచ్చేముందు అంతమంది వెతికినా కంటపడని తీగ కొస ఒకటి నీళ్ళలో ఉంది.

ఆ రోజంతా మా నాన్న నాతో మాట్లాడలేదు. పలుపు పట్టి లాగుంటే బతికేదేమోనని ఎవరో అన్నారు. మర్నాడు ఉదయం చొక్కా తొడుక్కుని, "రావే" అన్నాడు. ఎక్కడికో చెప్పలేదు. తిన్నగా టీచరుగారింటికి వెళ్ళాడు. గుమ్మం బయటే నిలబడిపోయాడు. "లోపలికి రండి సుబ్బారావు గారూ" అన్నా రాలేదు.

"టీచరుగారండీ, తీగ దానికి తగల్లేదండి. దూరంగా ఉందండి. అయినా ఎలా పోయిందండి?" అని అడిగాడు. అన్నాళ్ళూ నా మాట తోసేసిన మనిషి మొదటిసారి పాఠం అడుగుతున్నాడు.

ఆవిడ గుమ్మంలోనే నిలబడి చెప్పారు. తీగ పడ్డ చోట వోల్టేజి ఎక్కువ, అక్కడినుంచి దూరం జరిగేకొద్దీ తగ్గుతూ ఉంటుంది. గేదె ముందుకాళ్ళు ఒకచోట, వెనకకాళ్ళు ఒకచోట. ఆ రెంటికీ మధ్య తేడా ఉంటే కరెంటు దాని ఒంట్లోంచి దారి చూసుకుంటుంది. "మీరు దిగినా అంతేనండి. మీ రెండు కాళ్ళ మధ్యా తేడా ఉంటుంది."

మా నాన్న చాలాసేపు కాలి బొటనవేలితో నేల రాస్తూ నిలబడ్డాడు. "మా అమ్మాయి చెప్పిందండి. నేను వినలేదండి. కాళ్ళు పట్టుకుని ఆపిందండి" అన్నాడు.

టీచరుగారు చప్పున మొహం పక్కకి తిప్పుకున్నారు. గోడకి చెయ్యి ఆనించి నిలబడ్డారు. లోపల్నుంచి తల్లిగారు "వరం, ఏమయిందే?" అని అడిగారు. టీచరుగారు ఇటు తిరిగి, నన్ను దగ్గరికి పిలిచి, చెక్కుకుపోయిన నా మోచేతులు చూశారు. "ఆ రోజు మా తోటలో ఎవరూ లేరమ్మా" అన్నారు. అంతే అన్నారు.

ఇంటర్ అయ్యాక నేను పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ తీసుకుంటానంటే, ఆడపిల్ల స్తంభాలెక్కుతుందా అని బంధువులు నవ్వారు. "ఎక్కుద్ది. మీకేంటి?" అన్నాడు మా నాన్న. కాకినాడలో చదువు పూర్తయి, కొన్నేళ్ళకి సబ్ ఇంజనీరు ఉద్యోగం వచ్చింది. అప్పటికి రెండువేల సంవత్సరం దాటింది. టీచరుగారు రిటైరవకముందే జబ్బుపడి, సెలవు పెట్టి అమలాపురంలో తమ్ముడిగారింట్లో ఉంటున్నారు. అటు పని పడినప్పుడల్లా వెళ్ళి చూసేదాన్ని. మనిషి బాగా చిక్కిపోయారు. నా ఉద్యోగం సంగతులన్నీ అడిగేవారు. చెబుతుంటే మధ్యమధ్యలో, పూర్వం క్లాసులో అడిగినట్టే, "ఎందుకలా అయింది?" అని ఆపేవారు.

నేను చేరిన రెండో ఏట, మా సెక్షన్‌లో లైను పని చేస్తున్న ఒక కాంట్రాక్టు కుర్రాడు స్తంభం మీదే చనిపోయాడు. పేరు ఏడుకొండలు. పెళ్ళయి ఎన్నాళ్ళో కాలేదు. విచారణ నాకప్పగించారు. వాళ్ళింటికి ఎవరో ఒకరు వెళ్ళాలి. ఆఫీసులో పెద్దాయన ఒకరు, "వెళ్ళి రెండు ఓదార్పు మాటలు చెప్పిరామ్మా. వివరాల్లోకి వెళ్ళకు, లేనిపోని తలనొప్పి" అన్నారు. దారిలో అమలాపురంలో దిగి టీచరుగారి దగ్గరికి వెళ్ళాను. ఏం మాట్లాడాలో తెలియక వెళ్ళాను.

ఆవిడ మంచం మీద దిండుకి ఆనుకుని కూర్చున్నారు. అంతా విన్నారు. "మావారు పోయినప్పుడు ఊరంతా వచ్చింది సత్యా" అన్నారు. "అందరూ మంచివాళ్ళే. తలరాత అన్నారు. రాసిపెట్టుంది అన్నారు. ఎందుకు పోయేరో ఒక్కరూ చెప్పలేదు. నాకు ఏడుపు కూడా రాలేదు. కొన్నాళ్ళయ్యేక నేనే ఆ షెడ్డుకెళ్ళేను. ఫ్యూజులు ఒక్కొక్కటీ విప్పి చూసుకున్నాను. ఒకటి పోయి ఉంది. ఆయన ఏమనుకుని చెయ్యి పెట్టేరో అప్పుడు తెలిసింది. అప్పుడొచ్చింది ఏడుపు. ఆ షెడ్డులోనే కూర్చుని ఏడ్చేను. మనిషి ఎలా పోయేడో తెలిస్తేగాని పోయేడని నమ్మలేంరా." కాస్త ఆగి, నా చెయ్యి తట్టారు. "ఆ పిల్లకి చెప్పు. అడిగితే అంతా చెప్పు."

ఆ అమ్మాయి పేరు దుర్గ. ఇరవై ఉంటాయో లేదో. నన్ను చూసి లేవబోతే వద్దని నేనే చాపమీద ఎదురుగా కూర్చున్నాను. చుట్టూ ఆడవాళ్ళు ఏవేవో అంటున్నారు. ఆ అమ్మాయి మాత్రం పొడి కళ్ళతో నన్నే చూస్తూ, "లైను కట్టేసేరంట కదండీ. మరెలా పోయేడండి? ఆయన తప్పేనాండి?" అని అడిగింది.

నేను చెప్పాను. లైను కట్టేసిన మాట నిజం. కానీ ఆ వీధిలో ఒకరింట్లో జనరేటరు వేశారు. అది మెయిను నుంచి విడదీయకుండా కలిపి ఉంది. ఆ వోల్టేజి ట్రాన్స్‌ఫార్మరు గుండా వెనక్కి వచ్చి, కట్టేసిన తీగలోకి ఎక్కింది. పని మొదలెట్టేముందు ఆ తీగని భూమికి కలిపే రాడ్డు ఒకటుంటుంది. అది వేసి ఉంటే బతికేవాడు. ఆ వేళ కాంట్రాక్టరు తన మనుషులకి ఆ రాడ్డు ఇవ్వలేదు. ఏడుకొండలు రాడ్డేదని అడిగాడట, అతనితో పనిచేసినవాళ్ళు నాకు చెప్పారు. నా నివేదికలోనూ ఇదే రాశానని, నష్టపరిహారానికి అది అవసరమని కూడా చెప్పాను.

"అడిగేడాండి?"

"అడిగేడమ్మా."

"అయితే జాగ్రత్తగానే ఉన్నాడన్నమాట."

"ఆయ్. జాగ్రత్తగానే ఉన్నాడు."

ఆ అమ్మాయి నా చెయ్యి పట్టుకుంది. అప్పటిదాకా రాని ఏడుపు అప్పుడు వచ్చింది. నేను కదలకుండా కూర్చున్నాను.

ఈ సంగతి చెప్పాలని మళ్ళీ అమలాపురం వెళ్ళేసరికి టీచరుగారికి స్పృహ సరిగా లేదు. చెవి దగ్గర వంగి చెప్పాను. విన్నారో లేదో తెలియదు. ఆ వారంలోనే పోయారు. మా నాన్న వచ్చి పాడె మోశాడు.

ఆ తర్వాత ఉద్యోగంలో భాగంగా అలాంటి ఇళ్ళకు నేను చాలాసార్లు వెళ్ళాల్సి వచ్చింది. ఇప్పటికీ వెళుతూనే ఉన్నాను. తలరాత అనే మాట ఇంతవరకు నా నోట రాలేదు. వాళ్ళెదురుగా కింద కూర్చుంటాను. అడిగితే కారణం చెబుతాను. నాకు తెలియకపోతే, ఎక్కడిదాకా తెలుసో అక్కడిదాకా చెప్పి, మిగతాది తెలుసుకుని మళ్ళీ వస్తానంటాను. మళ్ళీ వెళతాను.